శాఖలు హబ్‌ను చేరుతున్నా ఒకదాన్నొకటి చేరలేకపోతే: రూటింగ్ లోపాన్ని పట్టుకునే పద్ధతి

హబ్ అండ్ స్పోక్ నెట్‌వర్క్‌ను, అంటే శాఖలన్నీ టన్నెళ్ల (మరో నెట్‌వర్క్ గుండా కట్టిన ప్రైవేట్ దారుల) ద్వారా హబ్ అనే ఒకే కేంద్రానికి కలిసే నెట్‌వర్క్‌ను నడిపేవారికి తరచుగా వచ్చే ఫిర్యాదు ఒకటి ఉంది. మొదటి శాఖ నుంచి హబ్‌లోని సర్వర్లన్నీ అందుతాయి, రెండో శాఖ నుంచీ అందుతాయి, కానీ మొదటి శాఖలో కూర్చున్నవారు రెండో శాఖలోని సర్వర్‌ను తెరవబోతే మాత్రం ఏమీ రాదు. రెండు టన్నెళ్లూ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి కాబట్టి, లోపం ఎక్కడుందో తోచక చాలామంది రౌటర్లను ఆపి మళ్లీ నడపడంతో మొదలుపెడతారు. టన్నెల్ నిలబడి ఉండడం వేరు, ఫలానా ప్యాకెట్‌ను (డేటా ముక్కను) ఆ టన్నెల్‌లోకే పంపాలని రౌటర్‌కు తెలిసి ఉండడం వేరు. మనం వెతకవలసింది రెండోదాన్ని.

శాఖ నుంచి శాఖకు వెళ్లే ప్యాకెట్ రెండు టన్నెళ్లను దాటుతుంది. దానికి వచ్చే జవాబు అవే రెండు టన్నెళ్లను ఎదురు దిశలో దాటుతుంది. దారిలో మూడు రౌటర్లున్నాయి. పోయేటప్పుడు ఒక్కొక్కటి ఒక్కో నిర్ణయం తీసుకుంటుంది, వచ్చేటప్పుడు మళ్లీ ఒక్కొక్కటి ఒక్కో నిర్ణయం తీసుకుంటుంది. ఈ ఆరు నిర్ణయాల్లో ఏ ఒక్కటి తప్పినా వాడుకరికి కనిపించేది ఒకటే, జవాబు రాకపోవడం. అందుకే లక్షణాన్ని బట్టి కారణాన్ని ఊహించడం కన్నా, ఆరు చోట్లా ఆగి అడగడమే త్వరగా తెమిలే పని. ముఖ్యంగా జవాబు వచ్చే దారిలోని మూడు నిర్ణయాలను ఎవరూ అడగరు. నేను చూసిన సందర్భాల్లో ఎక్కువ లోపాలు అక్కడే ఉన్నాయి.

ముందుగా రెండు చిరునామాలు ఖరారు చేసుకోండి

వెతకడం మొదలుపెట్టేముందు ఒక మూలాన్ని, ఒక గమ్యాన్ని ఎంచుకుని కాగితం మీద రాసుకోవాలి. పని ముగిసేవరకు వాటిని మార్చకూడదు. ఈ వ్యాసంలో హబ్ సబ్‌నెట్ (ఒక చోటి చిరునామాల సమూహం; /24 అంటే వాటన్నిటిలో మొదటి 24 బిట్లు ఒకటే) 10.20.0.0/24, మొదటి శాఖ 10.20.1.0/24, రెండో శాఖ 10.20.2.0/24 అనుకుందాం. హబ్ నుంచి మొదటి శాఖకు వెళ్లే టన్నెల్ 172.16.1.0/30, రెండో శాఖకు వెళ్లేది 172.16.2.0/30. మూలం 10.20.1.25 చిరునామా గల కంప్యూటర్, గమ్యం 10.20.2.40 చిరునామా గల సర్వర్.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మొదటి శాఖ రౌటర్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి 10.20.2.40కి పింగ్ (జవాబు కోరే చిన్న పరీక్ష ప్యాకెట్) పంపి, వచ్చిన ఫలితాన్ని నమ్ముతారు. రౌటర్ తనంతట తాను పింగ్ పంపినప్పుడు, ఏ ఇంటర్‌ఫేస్ (రౌటర్ ద్వారం) గుండా ప్యాకెట్ బయటకు పోతుందో దాని చిరునామానే మూలంగా పెట్టుకుంటుంది. అంటే ఆ పింగ్ టన్నెల్‌లో శాఖ వైపు కొన అయిన 172.16.1.2 నుంచి వెళ్తుంది గానీ 10.20.1.0/24 నుంచి కాదు. రెండో శాఖకు టన్నెల్ చిరునామాలకు దారి తెలిసి, మొదటి శాఖ సబ్‌నెట్‌కు దారి తెలియకపోతే, పింగ్ చక్కగా పనిచేస్తుంది, కంప్యూటర్ మాత్రం పనిచేయదు. పరిస్థితి తలకిందులైతే కంప్యూటర్ పనిచేస్తున్నా రౌటర్ పింగ్ విఫలమవుతుంది. కాబట్టి పింగ్ ఆదేశంలో మూలం చిరునామాను శాఖ లోపలి ఇంటర్‌ఫేస్‌గా ప్రత్యేకంగా ఇవ్వాలి. వీలైతే శాఖలోని కంప్యూటర్ నుంచే పంపించాలి.

గమ్యం సర్వర్ బతికే ఉందని కూడా ముందే నిర్ధారించుకోవాలి. దాని గేట్‌వే (ఇతర సబ్‌నెట్లకు దారి చూపే రౌటర్) చిరునామా సరిగా ఉందా, దాని సొంత ఫైర్‌వాల్ ఇతర సబ్‌నెట్ల నుంచి వచ్చే పింగ్‌ను ఆపుతోందా అన్నవి రెండు నిమిషాల్లో తేలిపోతాయి. హబ్ లోపలి సబ్‌నెట్‌లోని ఒక కంప్యూటర్ నుంచి 10.20.2.40కి జవాబు వస్తుంటే ఆ సర్వర్‌ను దాదాపు పక్కన పెట్టవచ్చు. దాదాపు అనడానికి కారణం ఉంది: సర్వర్‌లో ఎవరో ఎప్పుడో హబ్ సబ్‌నెట్‌కు మాత్రమే ప్రత్యేకంగా ఒక స్టాటిక్ రూట్ (చేత్తో రాసిన దారి) పెట్టి, డిఫాల్ట్ గేట్‌వేను వేరే పరికరం వైపు తిప్పి ఉండవచ్చు.

ఆరు ప్రశ్నలు

ఇప్పుడు మూడు రౌటర్లలోకి వరుసగా వెళ్లాలి. మొదటి శాఖ రౌటర్‌ను 10.20.2.40కి దారేదని అడగాలి. హబ్‌నూ అదే అడగాలి. రెండో శాఖ రౌటర్‌నూ అదే అడగాలి. అది నేరుగా తనకు కలిపి ఉన్న ఇంటర్‌ఫేస్‌ను చూపాలి. ఆ తరువాత రెండో శాఖ నుంచి వెనక్కు నడుస్తూ 10.20.1.25కి దారేదని మూడింటినీ మళ్లీ అడగాలి. సిస్కో రౌటర్లలో షో ఐపీ రూట్ అని రాసి పక్కన పూర్తి చిరునామా ఇస్తే, ఆ చిరునామాకు నిజంగా వర్తించే ఒక్క రూట్‌నే చూపిస్తుంది. లినక్స్ యంత్రాల్లో ఐపీ రూట్ గెట్ ఆదేశం అదే పని చేస్తుంది. మొత్తం రూటింగ్ టేబుల్‌ను (దారుల పట్టికను) తెర మీదకు తెచ్చుకుని కళ్లతో వెతకడం మంచిది కాదు, ఎందుకంటే కన్ను మనం ఆశించిన వరుస దగ్గర ఆగిపోతుంది, రౌటర్ మాత్రం అన్నిటికన్నా పొడవైన ప్రిఫిక్స్ (గమ్యం చిరునామాతో ఎక్కువ బిట్లు సరిపోయే వరుస) దగ్గర ఆగుతుంది. టేబుల్‌లో 10.20.0.0/16 టన్నెల్ వైపు చక్కగా చూపిస్తుండగా, కింద ఎక్కడో పాత 10.20.2.0/25 ఒకటి ఎప్పుడో తీసేసిన లైన్ వైపు చూపిస్తుంటే, 10.20.2.40కి వెళ్లే ప్యాకెట్ ఆ రెండోదాన్నే పట్టుకుంటుంది.

ఒకే ప్రిఫిక్స్‌కు రెండు మూలాల నుంచి రూట్ వస్తే అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (ఆ మూలాన్ని ఎంత నమ్మాలో చెప్పే అంకె) తక్కువగా ఉన్నది గెలుస్తుంది. సిస్కో లెక్కలో స్టాటిక్ 1; రౌటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్‌లలో ఎక్స్‌టర్నల్ బీజీపీ 20, ఈఐజీఆర్‌పీ 90, ఓఎస్‌పీఎఫ్ 110, రిప్ 120, ఇంటర్నల్ బీజీపీ 200. ఎవరో పరీక్ష కోసం పెట్టి తీయడం మరిచిన స్టాటిక్ రూట్ అన్ని డైనమిక్ రూట్లనూ మౌనంగా ఓడిస్తుందని గుర్తుంచుకోవాలి.

ఈ ప్రశ్నల్లో అన్నిటికన్నా మోసం చేసేది డిఫాల్ట్ రూట్, అంటే వేరే ఏ వరుసా సరిపోనప్పుడు వాడే దారి. ప్రతి శాఖలోనూ ఇంటర్నెట్ వైపు ఒక డిఫాల్ట్ రూట్ ఉంటుంది కాబట్టి, అవతలి శాఖకు దారి తెలియకపోయినా రౌటర్ ఎన్నడూ దారి లేదని చెప్పదు. ప్యాకెట్‌ను ఇంటర్నెట్ సేవాదారు వైపు పంపేస్తుంది. 10తో మొదలయ్యే ప్రైవేట్ చిరునామాలు, అంటే 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 (ఇంటర్నెట్ నియమాల పత్రం) కేటాయించినవి, బహిరంగ ఇంటర్నెట్‌లో చెల్లవు కాబట్టి ఆ ప్యాకెట్ అక్కడెక్కడో పారవేయబడుతుంది, మనకు కబురు కూడా రాదు. దీనికి విరుగుడుగా నేను ప్రతి శాఖ రౌటర్‌లోనూ 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 మూడింటికీ నల్ ఇంటర్‌ఫేస్ (వచ్చినదాన్ని పారేసే ఉత్తుత్తి ద్వారం) వైపు, ఎక్కువ డిస్టెన్స్‌తో స్టాటిక్ రూట్లు పెడతాను. అసలు రూట్ ఉన్నంతకాలం అది వీటికన్నా పొడవైన ప్రిఫిక్స్ కాబట్టి ఇవి అడ్డురావు. అసలు రూట్ పోయిన రోజున ప్యాకెట్ ఊరు దాటిపోకుండా రౌటర్ దగ్గరే ఆగుతుంది, లోపం వెంటనే బయటపడుతుంది.

ట్రేస్‌రూట్‌ను (ప్యాకెట్ దాటే రౌటర్లను వరుసగా చూపే ఆదేశాన్ని) చదవడంలోనూ ఒక మెలకువ కావాలి. మొదటి శాఖ నుంచి నడిపిన ట్రేస్‌రూట్‌లో హబ్ చిరునామా కనిపించి, తరువాతి వరుసలో జవాబు లేదని చెప్పే చుక్కలే (*) వస్తుంటే, హబ్ దగ్గర ప్యాకెట్ ఆగిపోయిందని తేల్చేయకూడదు. రెండో శాఖ రౌటర్‌కు ప్యాకెట్ చేరి, అది పంపిన జవాబుకు మొదటి శాఖ దారి తెలియక తప్పిపోయినా సరిగ్గా ఇవే చుక్కలు వస్తాయి. అందుకే ట్రేస్‌రూట్‌ను రెండు వైపుల నుంచీ నడిపి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

లెక్కింపు అంకెలు చెప్పిన ఒక సంగతి

నేను పనిచేసిన ఒక నెట్‌వర్క్‌లో పాత శాఖలన్నీ 10.20.0.0/16 లోపల ఉండేవి, ప్రతి శాఖలోనూ ఆ మొత్తానికి హబ్ టన్నెల్ వైపు ఒకే ఒక్క స్టాటిక్ రూట్ ఉండేది. కొత్తగా తెరిచిన శాఖకు 10.21.5.0/24 ఇచ్చారు. హబ్‌లో ఆ కొత్త సబ్‌నెట్‌కు రూట్ పెట్టారు, కొత్త శాఖలో 10.20.0.0/16కు రూట్ పెట్టారు, హబ్‌తో అంతా పనిచేసింది, కానీ ఏ పాత శాఖతోనూ మాట కలవలేదు. మారింది కొత్త శాఖే కాబట్టి సాయంత్రం వరకు అందరి చూపూ కొత్త శాఖ రౌటర్ మీదే ఉంది.

చివరకు ఐపీసెక్ (టన్నెల్‌లోని ప్యాకెట్లను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) లెక్కింపులను చూశాం. కొత్త శాఖ నుంచి 10.20.2.40కి సరిగ్గా 100 పింగ్‌లు పంపి, ముందూ వెనుకా అంకెలు రాసుకున్నాం. కొత్త శాఖ రౌటర్‌లో బయటకు పోయిన ప్యాకెట్ల లెక్క 100 పెరిగింది, లోపలికి వచ్చినవి పెరగలేదు. హబ్‌లో కొత్త శాఖ టన్నెల్ నుంచి లోపలికి 100, పాత శాఖ టన్నెల్‌లోకి బయటకు 100. పాత శాఖ రౌటర్‌లో లోపలికి 100, బయటకు సున్నా. ఆ సున్నా దగ్గరే కథ ముగిసింది. పోయే దారి మూడు రౌటర్లలోనూ సవ్యంగా ఉంది. జవాబు మాత్రం పాత శాఖ రౌటర్ నుంచి టన్నెల్‌లోకి అడుగే పెట్టలేదు. ఆ రౌటర్‌ను 10.21.5.25కి దారేదని అడిగితే డిఫాల్ట్ రూట్‌ను చూపింది. కొత్త చిరునామా 10.20.0.0/16 పరిధిలో లేదు కాబట్టి జవాబులన్నీ ఇంటర్నెట్‌లోకి పోతున్నాయి. పాత శాఖలన్నిటిలోనూ ఒక్కొక్క వరుస చేర్చగానే అంతా కలిసింది. ఏళ్ల తరబడి ఎవరూ తాకని రౌటర్లో లోపం ఉండగలదని, కొత్తది చేరినప్పుడే అది బయటపడుతుందని ఆ రోజు నాకు బాగా తెలిసింది.

ఈ లెక్కింపు పద్ధతిని ఏ నెట్‌వర్క్‌లోనైనా వాడవచ్చు. ఎన్‌క్రిప్షన్ లేని టన్నెల్ అయితే ఇంటర్‌ఫేస్ లెక్కింపులు, లేదా హబ్‌లో తీసిన ప్యాకెట్ కాప్చర్ (దాటే ప్యాకెట్ల నమోదు) అదే పని చేస్తాయి. హబ్‌లో కాప్చర్ తీస్తే ఒక్కో పింగ్ రెండుసార్లు కనిపించాలి, ఒక టన్నెల్‌లో వస్తూ ఒకసారి, మరో టన్నెల్‌లో పోతూ ఒకసారి. ఒక్కసారే కనిపిస్తే హబ్ దాన్ని మింగేస్తోందని అర్థం.

డైనమిక్ రూటింగ్‌లో హబ్ దగ్గర ఆగిపోయే రూట్లు

స్టాటిక్ రూట్లకు బదులు ప్రోటోకాల్ వాడుతున్నప్పుడు, ఒక శాఖ నుంచి నేర్చుకున్న రూట్‌ను హబ్ మరో శాఖకు చెప్పకపోవడమే ప్రధానమైన జబ్బు. హబ్ టేబుల్‌లో అన్ని శాఖలూ ఉంటాయి, శాఖల టేబుల్‌లో హబ్ మాత్రమే ఉంటుంది. ఇది చాలాసార్లు లోపం కాదు, ప్రోటోకాల్ తన నియమాన్ని పాటించడమే.

ఈఐజీఆర్‌పీలో ఆ నియమం పేరు స్ప్లిట్ హొరైజన్. ఏ ఇంటర్‌ఫేస్ మీద ఒక రూట్ నేర్చుకున్నదో అదే ఇంటర్‌ఫేస్ మీద దాన్ని తిరిగి ప్రకటించదు. ఒక్కో శాఖకు ఒక్కో టన్నెల్ ఇంటర్‌ఫేస్ ఉంటే దీనితో ఇబ్బంది లేదు. కానీ శాఖలన్నీ ఒకే మల్టీపాయింట్ టన్నెల్ ఇంటర్‌ఫేస్ మీద ఉంటే, మొదటి శాఖ రూట్ వచ్చిన ఇంటర్‌ఫేస్, రెండో శాఖకు పోవలసిన ఇంటర్‌ఫేస్ ఒకటే కాబట్టి హబ్ నోరు మెదపదు. హబ్‌లోని ఆ ఇంటర్‌ఫేస్ మీద స్ప్లిట్ హొరైజన్‌ను తీసేయాలి, లేదా హబ్ నుంచి శాఖలకు 10.20.0.0/16 వంటి ఒక సారాంశ రూట్‌ను ప్రకటించాలి. శాఖల మధ్య నేరుగా టన్నెల్ కట్టే అవసరం లేనిచోట నేను రెండో పద్ధతినే ఎంచుకుంటాను. శాఖల టేబుళ్లు చిన్నవిగా ఉంటాయి, ఒక శాఖ లైన్ ఊగిసలాడినా మిగతా శాఖలకు ఆ కదలిక తెలియదు.

ఇంటర్నల్ బీజీపీలోనూ (ఒకే నెట్‌వర్క్ లోపల నడిచే బీజీపీలో) పోలిక గల నియమం ఉంది. ఒక ఇంటర్నల్ పొరుగు నుంచి నేర్చుకున్నదాన్ని మరో ఇంటర్నల్ పొరుగుకు చెప్పకూడదు. హబ్‌ను రూట్ రిఫ్లెక్టర్‌గా (నేర్చుకున్న రూట్లను ఇతరులకు తిరిగి చెప్పే రౌటర్‌గా), శాఖలను దాని క్లయింట్లుగా అమర్చడం దీనికి పరిష్కారం. ఈ ఏర్పాటు 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4456లో ఉంది. అయితే రిఫ్లెక్టర్ మామూలుగా నెక్స్ట్ హాప్‌ను (ప్యాకెట్‌ను తరువాత అందించవలసిన చిరునామాను) మార్చదు. మొదటి శాఖకు చేరిన రూట్‌లో నెక్స్ట్ హాప్ 172.16.2.2గా ఉండి, మొదటి శాఖకు ఆ చిరునామాకు దారి తెలియకపోతే, రూట్ బీజీపీ టేబుల్‌లో కనిపిస్తుంది గానీ రూటింగ్ టేబుల్‌లోకి ఎక్కదు. ఆ తేడాను గమనించకుండా బీజీపీ టేబుల్ ఒక్కటే చూసి రూట్ వచ్చిందని తృప్తి పడడం ప్రమాదం.

ఎక్స్‌టర్నల్ బీజీపీలో వేరే చిక్కు వస్తుంది. సేవాదారు ఇచ్చే ఎంపీఎల్ఎస్ (ప్రైవేట్) నెట్‌వర్క్ మీద అన్ని శాఖలకూ ఒకే ఏఎస్ సంఖ్య (బీజీపీలో ఒక నెట్‌వర్క్‌ను గుర్తించే అంకె) వాడితే, రెండో శాఖ రూట్ మొదటి శాఖకు చేరినప్పుడు దాని ఏఎస్ పాత్‌లో (దాటివచ్చిన సంఖ్యల జాబితాలో) తన సంఖ్యే కనిపిస్తుంది. లూప్ ఏర్పడిందనుకుని మొదటి శాఖ దాన్ని పారేస్తుంది. సేవాదారు తన వైపు ఏఎస్ ఓవర్‌రైడ్ (శాఖ సంఖ్య స్థానంలో తన సంఖ్య రాయడం) పెట్టవచ్చు, లేదా మనం శాఖల్లో అలౌ ఏఎస్ ఇన్ (తన సంఖ్య కనిపించినా స్వీకరించడం) పెట్టవచ్చు. శాఖకో సంఖ్య ఇవ్వగలిగితే అదే శుభ్రమైన మార్గం.

ఓఎస్‌పీఎఫ్‌లో చూడవలసింది ఇంటర్‌ఫేస్ నెట్‌వర్క్ రకం. బ్రాడ్‌కాస్ట్, పాయింట్ టు పాయింట్ రకాల్లో హలో (పలకరింపు వ్యవధి) 10 సెకన్లు, డెడ్ (పలకరింపు రాకపోతే పొరుగు పోయిందనుకునే గడువు) 40 సెకన్లు. పాయింట్ టు మల్టీపాయింట్, నాన్ బ్రాడ్‌కాస్ట్ రకాల్లో 30, 120. కాలాలు కలవకపోతే పొరుగు సంబంధమే ఏర్పడదు కాబట్టి అది తేలికగా దొరుకుతుంది. కష్టమైనది, ఒక వైపు బ్రాడ్‌కాస్ట్, మరో వైపు పాయింట్ టు పాయింట్ ఉన్నప్పుడు వచ్చే స్థితి. కాలాలు కలుస్తాయి, పొరుగు స్థితి ఫుల్ (సంబంధం పూర్తయింది) అని చూపిస్తుంది, రూట్లు మాత్రం టేబుల్‌లోకి రావు. ఫుల్ అన్న మాట చూసి ఓఎస్‌పీఎఫ్‌ను పక్కన పెట్టేసినవారు గంటల తరబడి మరెక్కడో వెతుకుతారు. బ్రాడ్‌కాస్ట్ రకం వాడుతుంటే హబ్ మాత్రమే డిజిగ్నేటెడ్ రౌటర్ (అందరి తరఫున రూట్ సమాచారం పంచే రౌటర్) కావాలి. శాఖలన్నిటికీ ప్రయారిటీ 0 పెట్టాలి, లేకపోతే మిగతా శాఖలు చేరుకోలేని ఒక శాఖ ఆ స్థానానికి ఎన్నికవుతుంది.

టన్నెల్ కొన్ని క్షణాలు నిలబడి, పడిపోయి, మళ్లీ నిలబడుతూ ఉంటే, టన్నెల్ అవతలి కొన చిరునామాకు దారి ఆ టన్నెల్ గుండానే నేర్చుకుంటోందేమో చూడాలి. టన్నెల్ తన భుజాల మీద తానే నిలబడలేదు. హబ్ బహిరంగ చిరునామాకు ఇంటర్నెట్ గేట్‌వే వైపు /32 స్టాటిక్ రూట్ పెడితే ఇది ఆగుతుంది.

రూట్ సరిగా ఉన్నా ప్యాకెట్ పోకపోతే

ఆరు ప్రశ్నలకూ సరైన జవాబులు వచ్చిన తరువాత కూడా ప్యాకెట్ ఆగుతుంటే, రూటింగ్ టేబుల్‌కు పైన ఉండే నియమాలను చూడాలి.

పాలసీ ఆధారిత ఐపీసెక్‌లో ఏ మూలం నుంచి ఏ గమ్యానికి పోయేది ఎన్‌క్రిప్ట్ కావాలో ఒక జాబితా నిర్ణయిస్తుంది. మొదటి శాఖ జాబితాలో తన సబ్‌నెట్ నుంచి హబ్ సబ్‌నెట్‌కు అన్న వరుస మాత్రమే ఉంటే, రెండో శాఖకు పోయేది టన్నెల్‌లోకి ఎక్కదు. తన సబ్‌నెట్ నుంచి రెండో శాఖ సబ్‌నెట్‌కు అన్న వరుస కూడా కావాలి. హబ్‌లో రెండు చోట్ల మార్పు చేయాలి: మొదటి శాఖతో ఉన్న టన్నెల్ జాబితాలో రెండో శాఖ నుంచి మొదటి శాఖకు, రెండో శాఖతో ఉన్న టన్నెల్ జాబితాలో మొదటి శాఖ నుంచి రెండో శాఖకు. రెండో శాఖలో మళ్లీ దాని ప్రతిబింబం. నాలుగు జాబితాల్లో ఏ ఒక్కటి మరిచినా ఒక దిశ మూగబోతుంది. ఆ జతకు సెక్యూరిటీ అసోసియేషన్ (ఎన్‌క్రిప్షన్ ఒప్పందం) సాధారణంగా మొదటి ప్యాకెట్ వచ్చినప్పుడే ఏర్పడుతుంది కాబట్టి, ట్రాఫిక్ పంపకుండా అసోసియేషన్ల జాబితా చూసి అది లేదని తేల్చకూడదు. శాఖలు ఎక్కువయ్యే కొద్దీ ఈ జాబితాలు పెరిగిపోతాయి. ఐదారు శాఖలు దాటితే టన్నెల్ ఇంటర్‌ఫేస్ ఉండే రూట్ ఆధారిత పద్ధతికి మారడమే నా సలహా.

నాట్ (చిరునామా మార్పిడి) నియమాలదీ ఇలాంటి కథే. ఇంటర్నెట్‌కు వెళ్లేవాటి మూలం చిరునామాను మార్చే నియమం నుంచి హబ్ సబ్‌నెట్‌ను మినహాయించి, ఇతర శాఖలను మినహాయించడం మరిచిపోతే, మూలం మారిపోయిన ప్యాకెట్ ఏ ఐపీసెక్ జాబితాకూ సరిపోక ఇంటర్నెట్‌లోకి పోతుంది. హబ్‌లో ఫైర్‌వాల్ ఉంటే, ఒకే ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చి అదే ఇంటర్‌ఫేస్ నుంచి తిరిగి పోవడాన్ని అది అనుమతిస్తోందో లేదో చూడాలి. సిస్కో ఏఎస్ఏ ఫైర్‌వాల్‌లో దీనికి ప్రత్యేక ఆదేశం ఇవ్వాలి. ఇవ్వకపోతే శాఖ నుంచి శాఖకు పోయే ప్రతి ప్యాకెట్‌నూ పారేస్తుంది. జోన్లుగా విభజించే ఫైర్‌వాల్‌లలో టన్నెళ్లు ఉన్న జోన్ నుంచి అదే జోన్‌కు అనుమతి ఉందా అని చూడాలి.

రెండు హబ్‌లు ఉన్న నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్ ఒక హబ్ గుండా, జవాబు మరో హబ్ గుండా ప్రయాణించే అవకాశం ఉంది. మామూలు రౌటర్లకు దీనితో పనిలేదు, కానీ ఫైర్‌వాల్‌కు ఉంది. సంభాషణ మొదలును చూడని ఫైర్‌వాల్ మధ్యలో వచ్చిన జవాబును నమ్మదు. రెండు దిశలూ ఒకే హబ్‌ను ఇష్టపడేలా శాఖల్లో మెట్రిక్‌లు (దారి ఖర్చును చెప్పే అంకెలు) సరిచేయాలి. లినక్స్ యంత్రం హబ్‌గా ఉంటే ఐపీ ఫార్వర్డింగ్ (ప్యాకెట్లను దాటించే సెట్టింగ్) 1గా ఉందా అన్నది మొదటి ప్రశ్న, ఆర్‌పీ ఫిల్టర్ 1గా ఉందా అన్నది రెండోది. ఆర్‌పీ ఫిల్టర్ 1 అయితే, ప్యాకెట్ వచ్చిన ఇంటర్‌ఫేస్ గుండానే దాని మూలానికి తిరుగు దారి ఉండాలని పట్టుబడుతుంది. 2 అయితే ఏదో ఒక దారి ఉంటే చాలంటుంది.

వైర్‌గార్డ్ అనే టన్నెల్ ప్రోగ్రామ్ వాడేవారు అలౌడ్ ఐపీస్ వరుసను రెండు అర్థాల్లో చదవాలి. పోయేటప్పుడు అది రూటింగ్ టేబుల్, వచ్చేటప్పుడు అది మూలం చిరునామాల వడపోత. శాఖలో హబ్ పీర్ (టన్నెల్ అవతలి కొన) కింద 10.20.0.0/16 ఉంటేనే రెండో శాఖకు పంపుతుంది, రెండో శాఖ నుంచి వచ్చినదాన్ని స్వీకరిస్తుంది. హబ్‌లో మాత్రం ఒక్కో శాఖ పీర్ కింద ఆ శాఖ సబ్‌నెట్ మాత్రమే ఉండాలి. ఒకే ప్రిఫిక్స్‌ను ఇద్దరు పీర్ల కింద రాస్తే చివర రాసినవారికే దక్కుతుంది. ఓపెన్‌వీపీఎన్ (మరో టన్నెల్ ప్రోగ్రామ్) సర్వర్‌లో రూట్ అన్న వరుస కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రం) కోసం, ఐరూట్ అన్న వరుస ఆ సబ్‌నెట్ ఏ క్లయింట్ వెనుక ఉందో సర్వర్ ప్రోగ్రామ్‌కు చెప్పడం కోసం, రెండూ కావాలి.

క్లౌడ్‌లో హబ్ పెట్టుకున్నవారు ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. అమెజాన్ వీపీసీ పీరింగ్ (రెండు క్లౌడ్ నెట్‌వర్క్‌లను నేరుగా కలపడం) గానీ, అజూర్ వర్చువల్ నెట్‌వర్క్ పీరింగ్ గానీ ఒకరి గుండా మరొకరికి దారి ఇవ్వవు. మొదటి నెట్‌వర్క్ హబ్‌తో, హబ్ రెండోదానితో పీరింగ్‌లో ఉన్నంత మాత్రాన మొదటిది రెండోదాన్ని చేరలేదు. అమెజాన్‌లో ట్రాన్సిట్ గేట్‌వే, అజూర్‌లో హబ్‌లోని ఫైర్‌వాల్ లేదా రౌటర్ యంత్రం వైపు చూపే సొంత రూట్లు కావాలి. రౌటర్‌గా యంత్రాన్ని వాడితే, అది తనది కాని ప్యాకెట్‌ను దాటించేందుకు అమెజాన్‌లో సోర్స్ డెస్టినేషన్ చెక్ తీసేయాలి, అజూర్‌లో ఐపీ ఫార్వర్డింగ్ పెట్టాలి.

పింగ్ పోతుంది, పని జరగదు

చిన్న పింగ్ వెళ్లి వచ్చినా ఫైల్ తెరుచుకోకపోతే, లేదా లాగిన్ అయ్యాక తెర నిలిచిపోతే, అది దాదాపు ఎప్పుడూ ప్యాకెట్ పరిమాణం సమస్యే. జీఆర్‌ఈ (ప్యాకెట్‌ను మరో ప్యాకెట్‌లో చుట్టే పద్ధతి) టన్నెల్ 24 బైట్లు తీసుకుంటుంది కాబట్టి మామూలు ప్యాకెట్ పరిమితి 1500 కాస్తా 1476 అవుతుంది. దాని మీద ఐపీసెక్ చేరితే ఇంకా తగ్గుతుంది. ఎక్కువమంది వాడే అమరిక టన్నెల్ ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1400, టీసీపీ ఎంఎస్ఎస్ (హెడర్లు పోగా అందులో పట్టే డేటా) 1360. పరీక్షించడానికి శాఖలోని కంప్యూటర్ నుంచి, విభజన వద్దని చెప్పే ఆప్షన్‌తో 1372 బైట్ల పింగ్ పంపాలి. 28 బైట్ల హెడర్‌తో కలిసి అది 1400 అవుతుంది. 1372 వెళ్లకపోతే తగ్గిస్తూ పోయి, ఎంత దగ్గర వెళ్తుందో పట్టుకోవాలి. ఈ పరీక్షనూ రెండు శాఖల మధ్యే చేయాలి గానీ శాఖకూ హబ్‌కూ మధ్య చేసి ఊరుకోకూడదు, ఎందుకంటే రెండు టన్నెళ్లలో చిన్నదే మొత్తం దారికి హద్దు.

డీఎంవీపీఎన్ (అవసరమైనప్పుడు శాఖల మధ్య నేరు టన్నెల్ కట్టే సిస్కో పద్ధతి) ఉన్నచోట మరో విచిత్రం కనిపిస్తుంది. మొదటి కొన్ని పింగ్‌లకు జవాబు వచ్చి, ఆ తరువాత ఆగిపోతాయి. మొదటివి హబ్ గుండా వెళ్లాయి; ఆలోగా ఎన్‌హెచ్‌ఆర్‌పీ అనే ప్రోటోకాల్ అవతలి శాఖ బహిరంగ చిరునామాను తెలుసుకుని, శాఖల మధ్య నేరు టన్నెల్ కట్టబోయింది, అది కట్టుబడలేదు. ఒక శాఖ ఫైర్‌వాల్ హబ్ చిరునామా నుంచి మాత్రమే యూడీపీ 500, 4500 పోర్టులనూ, ఈఎస్‌పీనీ (ఐపీసెక్ ఎన్‌క్రిప్ట్ చేసిన ప్యాకెట్లను) రానిస్తుండవచ్చు, లేదా రహస్య కీ హబ్ చిరునామాకు మాత్రమే ఇచ్చి ఉండవచ్చు. డీఎంవీపీఎన్ మూడో దశ (ఫేజ్ 3) అమరికలో హబ్‌లో ఎన్‌హెచ్‌ఆర్‌పీ రీడైరెక్ట్, శాఖల్లో ఎన్‌హెచ్‌ఆర్‌పీ షార్ట్‌కట్ ఉండాలి. తాత్కాలికంగా ఒక శాఖలో షార్ట్‌కట్‌ను తీసేసి చూస్తే, ఆ శాఖ నుంచి పోయేవన్నీ హబ్ గుండానే నడుస్తాయి, లోపం నేరు టన్నెల్‌లో ఉందో లేదో తేలుతుంది.

సరిచేశాక

మార్పు చేసిన తరువాత మొదటి శాఖ నుంచి రెండోదానికి, రెండో శాఖ నుంచి మొదటిదానికి విడివిడిగా కొత్త సంభాషణలు మొదలుపెట్టి చూడాలి, ఎందుకంటే స్టేట్‌ఫుల్ (సంభాషణలను గుర్తుంచుకునే) ఫైర్‌వాల్ ఉన్నచోట ఒక దిశలో మొదలైనది పనిచేసి రెండో దిశలో మొదలైనది ఆగవచ్చు. వాడుకరి చెప్పిన అసలు ప్రోగ్రామ్‌ను వాడుకరి చేతే తెరిపించాలి. సంబంధం లేని మూడో శాఖ ఒకదాన్ని కూడా రెండు దిశల్లోనూ పరీక్షించాలి. అక్కడ పాత స్థితే ఉంటే ఇప్పుడు చేసిన మార్పు అన్ని శాఖలకూ చేయవలసినదని అర్థం. వెతికేటప్పుడు పెట్టిన స్టాటిక్ రూట్లను, తెరిచిన ఫైర్‌వాల్ నియమాలను, నడుస్తున్న కాప్చర్లను తీసేసి, తీసేశాక కూడా దారి నిలబడే ఉందని మళ్లీ పింగ్ చేసి చూసుకుని, అప్పుడు మూడు రౌటర్లలోనూ కాన్ఫిగరేషన్‌ను భద్రపరచాలి. భద్రపరచనిది రౌటర్ ఆగి మళ్లీ లేచినప్పుడు మిగలదు.